లేక్ వాషింగ్టన్ పక్కన వేసవి సెలవులు: పిల్లలకు ఏది ముందు, ఏది తర్వాత

సియాటిల్‌కు తూర్పు పక్కన బెల్వ్యూ, రెడ్మండ్, కర్క్‌లాండ్, సమామిష్, రెంటన్ ఊళ్ళలో ఉంటున్న తెలుగువాళ్ళ ఇళ్ళలో వేసవి టెన్షన్ జనవరి చివరనే మొదలవుతుంది. బడులు జూన్ మూడో వారం దాకా నడుస్తాయి. మళ్ళీ సెప్టెంబర్ మొదట్లో గానీ తెరవరు. మధ్యలో దాదాపు పది వారాలు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఆ పది వారాలు పిల్లలను ఎక్కడ ఉంచాలి, ఎంతవుతుంది, ఏం నేర్పించాలి అని వాట్సాప్ గ్రూపుల్లో అడుగుతూనే ఉంటారు. జవాబులు మాత్రం కోడింగ్ క్యాంప్, మ్యాథ్ క్యాంప్, చెస్ క్యాంప్ దాటి వెళ్ళవు. 22 మైళ్ళ పొడవున్న లేక్ వాషింగ్టన్ ఒక పక్క, లేక్ సమామిష్ ఇంకో పక్క పెట్టుకుని, వేసవి గురించి మాట్లాడేటప్పుడు వాటి ఊసే ఎత్తం.

నేను చెప్పదలచుకున్నది సూటిగా చెప్పేస్తాను. నీళ్ళ పక్కన కాపురం పెట్టాక వేసవి డబ్బులో మొదటి రూపాయి ఈతకు వెళ్ళాలి. క్యాంపులు, పడవలు, కోడింగ్, అన్నీ ఆ తర్వాతే. మిగతా ఎంపికలు మీ ఇంటి పరిస్థితిని బట్టి మారతాయి: ఆఫీసు వేళలు, పిల్లల వయసు, వీసా, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారా లేదా అన్నది. ఈత మాత్రం మారదు.

ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, మన తరంలో చాలామందికి ఈత రాదు. పల్లెల్లో పెరిగినవాళ్ళు నడుముకు బెండ్లు కట్టుకుని దిగుడుబావిలోనో, కాలవలోనో నేర్చుకున్నారు. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు కాలనీల్లో పెరిగినవాళ్ళకు ఆ అవకాశం లేదు. అలాంటివాళ్ళమే ఇక్కడ పిల్లలను తీసుకుని లేక్ ఒడ్డుకు వెళ్తున్నాం. అమెరికాలో చదువుకోవడానికి వచ్చిన తెలుగు కుర్రాళ్ళు సరదాగా లేక్‌లోనో, జలపాతం దగ్గరో దిగి మునిగిపోయారన్న వార్తలు మళ్ళీ మళ్ళీ చదువుతున్నాం. ఆ ప్రతి వార్త వెనకా, ఎప్పుడూ నేర్పని ఈత ఒకటి ఉంటుందేమోనని నాకు అనిపిస్తుంది. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల మరణాలకు ఈ దేశంలో మొదటి కారణం నీట మునగడమే.

ఈత ఎక్కడ నేర్పించాలి

ఇక్కడ ముఖ్యంగా మూడు దారులున్నాయి: ఊరి పూల్ లేదా వైఎంసీఏ, ప్రైవేటు స్విమ్ స్కూల్, ఇంటికొచ్చి లేదా అపార్ట్‌మెంట్ పూల్‌లో విడిగా నేర్పే కోచ్.

ఊరి పూల్ చవక. బెల్వ్యూ అక్వాటిక్ సెంటర్ ఏడాది పొడవునా నడుస్తుంది. కర్క్‌లాండ్‌లో పీటర్ కర్క్ పూల్ ఆరుబయట ఉంటుంది, వేసవిలోనే తెరుస్తారు. గ్రూపులో పిల్లలు కొంచెం ఎక్కువ ఉంటారు, టీచర్లు చాలాసార్లు కాలేజీ కుర్రవాళ్ళు. అసలు కష్టం సీటు దొరకడమే. రిజిస్ట్రేషన్ తెరిచిన కొద్దిసేపటికే మంచి టైములు నిండిపోతాయి. ఆ ఊరివాళ్ళకు ముందు అవకాశం ఇచ్చే పద్ధతి కూడా ఉంది కాబట్టి, మీ ఊరి పార్క్స్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లో ముందే అకౌంట్ తెరిచి, అడ్రస్ రుజువు పెట్టి ఉంచుకోండి. ఆ పని రిజిస్ట్రేషన్ రోజు ఉదయం మొదలుపెడితే సీటు పోయినట్టే.

ప్రైవేటు స్విమ్ స్కూల్లో నీళ్ళు వెచ్చగా ఉంటాయి, ఒక టీచర్ దగ్గర ముగ్గురో నలుగురో ఉంటారు, సీటు సులువుగా దొరుకుతుంది. వారానికి ఒక్కసారి అరగంట, నెలనెలా డబ్బు కార్డులోంచి పోతూ ఉంటుంది. ఊరి పూల్‌తో పోలిస్తే ఒక్కో క్లాసుకు బాగా ఎక్కువ పడుతుంది.

నా సలహా ఇది. నీళ్ళంటే భయపడి ఏడ్చే చిన్నపిల్లలైతే, ఐదారేళ్ళ లోపు, కొన్ని నెలలు ప్రైవేటులో వేయండి. వెచ్చటి నీళ్ళు, ఎప్పుడూ కనిపించే ఒకే టీచర్, ఈ రెండే వాళ్ళ భయం పోగొడతాయి. ఏడేళ్ళు దాటినవాళ్ళకు మాత్రం వేసవిలో ఊరి పూల్ పెట్టే రోజువారీ సెషన్లే మేలు. రెండు వారాల పాటు దాదాపు రోజూ నీళ్ళలో దిగితే నిన్న నేర్చుకున్నది ఇవాళ మర్చిపోరు. వారానికి ఒక్కసారి వెళ్ళే పిల్లలు ప్రతిసారీ మొదటి పది నిమిషాలు మళ్ళీ అలవాటు పడటంలోనే గడుపుతారు. విడిగా వచ్చే కోచ్ ఖర్చు ఎక్కువ, నాణ్యత మనిషిని బట్టి ఉంటుంది. పెద్దవాళ్ళకు, ముఖ్యంగా అందరి ముందూ నేర్చుకోవడానికి సిగ్గుపడే అమ్మలకు, అది మంచి దారి. పెద్దల క్లాసులు ఊరి పూల్‌లోనూ ఉంటాయి. వెళ్ళండి. పిల్లవాడు మునిగిపోతుంటే ఒడ్డున నిలబడి కేకలు వేయడం తప్ప ఏమీ చేయలేని స్థితి ఏ తల్లికీ వద్దు.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. పూల్‌లో ఈత వచ్చినంత మాత్రాన లేక్‌లో వచ్చినట్టు కాదు. లేక్‌లో అడుగు కనిపించదు. నడుం లోతు ఉన్నచోట నుంచి రెండు అడుగులు వేస్తే కాలికి నేల తగలకపోవచ్చు. కాళ్ళకు నాచు మొక్కలు చుట్టుకుంటాయి, పిల్లలు అక్కడే బెదిరిపోతారు. పైగా చల్లదనం. మే నెలలో ఒక్కోసారి ఎండ 85 డిగ్రీల ఫారెన్‌హీట్ కొడుతుంది, జనం బీచ్‌కు పరిగెడతారు, కానీ నీళ్ళు ఇంకా శీతాకాలంలోనే ఉంటాయి. ఒక్కసారిగా దూకితే ఊపిరి అందదు, చేతులు మొద్దుబారతాయి. లేక్ వాషింగ్టన్ పైనీళ్ళు హాయిగా ఉండేది జూలై, ఆగస్టు నెలల్లో. నదుల సంగతి వేరు. స్నోక్వాల్మీ లాంటి నదుల్లోకి కొండల మీది మంచు కరిగి వస్తుంది, నడి వేసవిలో కూడా నీళ్ళు జిల్లుమంటాయి, ప్రవాహం లాగేస్తుంది. ట్యూబుల మీద నదిలో తేలుతూ వెళ్దామని మీ టీనేజ్ పిల్లలు అడిగితే నేనైతే వద్దంటాను. లేక్ చాలు.

ఏ బీచ్‌కు వెళ్ళాలి

బీచ్ ఎంచుకోవడానికి నా మొదటి ప్రశ్న లైఫ్‌గార్డ్ ఉన్నాడా లేడా అన్నదే. ఊళ్ళు నడిపే బీచ్‌లలో కొన్నిటిలో మాత్రమే లైఫ్‌గార్డులుంటారు. అదీ జూన్ చివరి నుంచో, జూలై మొదటి నుంచో లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) దాకా, మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు. ఏ బీచ్‌లో ఉంటారన్నది ఏటా మారవచ్చు కాబట్టి వెళ్ళేముందు ఆ ఊరి వెబ్‌సైట్ చూడాలి.

అందరూ ఎక్కువగా వెళ్ళే ఇసక్వాలోని లేక్ సమామిష్ స్టేట్ పార్కులో లైఫ్‌గార్డులు ఉండరు. ఇసుక బాగుంటుంది, పచ్చిక చాలా ఉంది, ఇరవై కుటుంబాలు కలిసి పాట్‌లక్ పెట్టుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. కారు పెట్టుకోవడానికి డిస్కవర్ పాస్ కావాలి, రోజుకు 10 డాలర్లు, ఏడాదికి 45. కానీ నీళ్ళలో ఉన్న పిల్లల బాధ్యత పూర్తిగా మనదే. పెద్ద గుంపులో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. పెద్దవాళ్ళు ముప్పై మంది ఉంటారు, ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు, చివరికి ఎవరూ చూడరు. మునిగిపోయే పిల్లలు సినిమాల్లోలాగా చేతులు ఊపి అరవరు. తల వెనక్కి వాలుతుంది, నోరు నీటి మట్టానికి తెరుచుకుని ఉంటుంది, చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటారు, చప్పుడే ఉండదు. పక్కనుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది.

అందుకని మా పిక్నిక్‌లలో వంతులు పెట్టుకుంటాం. ఒక మనిషి పావుగంట సేపు నీళ్ళ వైపే చూడాలి, ఫోన్ బుట్టలో పెట్టాలి, ఎవరైనా పలకరించినా తల తిప్పకుండానే జవాబివ్వాలి. ఎర్ర టోపీ ఎవరి తల మీద ఉంటే వంతు వాళ్ళది. టోపీ చేతికి ఇచ్చి "ఇక మీరు" అని నోటితో చెప్పాకే లేవాలి. మొదట్లో కొందరికి అతి అనిపిస్తుంది. పులిహోర వడ్డిస్తున్నప్పుడు మీకే అర్థమవుతుంది, ఆ టోపీ లేకపోతే అందరి కళ్ళూ విస్తళ్ళ మీదే ఉంటాయని. చేతులకు వేసే గాలి బుడగలు, నడుముకు వేసే రబ్బరు బాతులు ఆటబొమ్మలు, వాటిని నమ్మకండి. కోస్ట్ గార్డ్ ఆమోదించిన లైఫ్ జాకెట్ వేయండి. చాలా బీచ్‌లలో వాటిని ఉచితంగా వాడుకోనిస్తారు.

చిన్నపిల్లలున్నవాళ్ళకు కర్క్‌లాండ్‌లోని జువానిటా బీచ్ బాగుంటుంది. నీళ్ళు చాలా దూరం లోతు లేకుండా ఉంటాయి, చుట్టూ చెక్క వంతెన ఉంటుంది కాబట్టి దాని మీద నడుస్తూ పిల్లలను పైనుంచి చూడొచ్చు. బాతుల బెడద ఉంది, నీటిలో బ్యాక్టీరియా పెరిగిందని అప్పుడప్పుడూ మూసేస్తారు. రెడ్మండ్‌వాళ్ళకు ఐడిల్‌వుడ్ దగ్గర, ఇసుక ఉంది, లైఫ్‌గార్డులు ఉంటారు. కానీ చిన్నది, ఎండ కాసే శనివారం పొద్దున్నే పార్కింగ్ నిండిపోతుంది. కర్క్‌లాండ్ హౌటన్ బీచ్‌లో పొడవాటి డాక్ ఉంటుంది, టీనేజర్లకు అదే ఇష్టం. బెల్వ్యూ డౌన్‌టౌన్‌లో ఉండేవాళ్ళు మైడెన్‌బావర్ బే పార్కుకు నడిచే వెళ్ళొచ్చు. 2019లో కొత్తగా తీర్చిదిద్దాక అది నిజంగా అందమైన చోటు.

నాకైతే బీచ్‌లలో రెంటన్‌లోని జీన్ కూలన్ పార్కు అంటే ప్రత్యేకమైన ఇష్టం, అమ్మానాన్నలు వచ్చినప్పుడు మరీను. నీటి పక్కనే చదునైన బాట మైలు పైగా ఉంటుంది, మధ్యమధ్యలో బెంచీలు, నీడ, బాత్‌రూములు. వేసవిలో లైఫ్‌గార్డులు ఉంటారు. పక్కనే బోయింగ్ ఫ్యాక్టరీ, 737 విమానాలు తయారయ్యేది అక్కడే. తాతయ్యను, మనవడిని ఒకే చోట సంతోషపెట్టే బీచ్ అదొక్కటే.

నీళ్ళు శుభ్రమేనా అని అందరూ అడుగుతారు. 1950లలో అయితే కాదనే చెప్పేవాళ్ళం. చుట్టుపక్కల ఊళ్ళ మురుగంతా లేక్ వాషింగ్టన్‌లోకే వచ్చేది, నాచు పేరుకుపోయి కంపు కొట్టేది. 1958లో జనం ఓటు వేసి మెట్రో అనే సంస్థను పెట్టుకున్నారు, 1968కల్లా మురుగును లేక్ నుంచి పూర్తిగా మళ్ళించారు, కొన్నేళ్ళకే నీళ్ళు తేటపడ్డాయి. ఇప్పుడు వేసవిలో కింగ్ కౌంటీ వాళ్ళు ముఖ్యమైన బీచ్‌ల నీటిని వారం వారం పరీక్షించి ఫలితాలు వెబ్‌సైట్లో పెడతారు. వెళ్ళే ముందు అది చూడండి. నీళ్ళలోంచి బయటికి రాగానే పిల్లలను తువ్వాలుతో గట్టిగా తుడవండి, ఒంటి మీదే ఆరనివ్వకండి. ఇక్కడ స్విమ్మర్స్ ఇచ్ అని ఒక దురద వస్తుంది. నత్తల్లో పెరిగే సూక్ష్మజీవి వల్ల వచ్చేదది, ప్రమాదం లేదు గానీ రాత్రంతా గోక్కుంటూ ఉంటారు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. జూన్ చివర్లో ఇక్కడ పొద్దు గుంకేది రాత్రి తొమ్మిది దాటాకే. ఆఫీసు అయ్యాక ఐదున్నరకు బయలుదేరినా బీచ్‌లో రెండు మూడు గంటలు దొరుకుతాయి, పార్కింగ్ కష్టం ఉండదు, ఎండ చురుకు తగ్గుతుంది. శనివారం మధ్యాహ్నం తొక్కిసలాట కంటే మంగళవారం సాయంత్రం ఎంతో మేలు. కాకపోతే లైఫ్‌గార్డులు వెళ్ళిపోయే వేళ ముందే తెలుసుకుని, ఆ తర్వాత పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకండి.

క్యాంపులు: ఎన్ని వారాలు, ఎలాంటివి

ఇద్దరూ పనిచేసే ఇళ్ళలో క్యాంపు విలాసం కాదు, అవసరం. దాన్ని ఒప్పుకుని లెక్క వేసుకోవాలి. ఊరి పార్క్స్ డిపార్ట్‌మెంట్లు, వైఎంసీఏ, బాయ్స్ అండ్ గర్ల్స్ క్లబ్ లాంటివి నడిపే క్యాంపులు వారానికి మూడు నాలుగు వందల డాలర్లలో ఉంటాయి. ప్రైవేటు టెక్ క్యాంపులు ఐదారు వందలు, అంతకంటే ఎక్కువ కూడా. ఇద్దరు పిల్లలు, పది వారాలు అంటే లెక్క ఎక్కడికి పోతుందో మీరే చూసుకోండి. చాలా క్యాంపులు తొమ్మిదికి మొదలై మూడు, నాలుగు గంటలకు అయిపోతాయి. ముందూ వెనకా ఉంచుకోవడానికి విడిగా డబ్బు కట్టాలి. క్యాంపుల ధరలు పోల్చేటప్పుడు ఆ గంటల ఖర్చు కూడా కలిపి చూడండి, చవక అనుకున్నది చవక కాకపోవచ్చు.

ఆఫీసులో డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ, అంటే పిల్లల సంరక్షణ ఖర్చుకు జీతంలోంచి పన్ను లేకుండా డబ్బు పక్కన పెట్టుకునే ఖాతా, ఉంటే తప్పక వాడుకోండి. పదమూడేళ్ళ లోపు పిల్లల డే క్యాంపు ఖర్చు అందులోకి వస్తుంది, రాత్రి కూడా ఉండే క్యాంపు రాదు. 2026 నుంచి దాని పరిమితి 5,000 నుంచి 7,500 డాలర్లకు పెరిగింది. అయితే భార్యాభర్తలిద్దరూ పనిచేస్తుండాలి, లేదా ఒకరు పని వెతుక్కుంటూనో, ఫుల్ టైమ్ చదువుకుంటూనో ఉండాలి. నవంబర్‌లో ఇన్సూరెన్స్ ఎంచుకునేటప్పుడే ఇదీ ఎంచుకోవాలి కాబట్టి, చాలామంది వేసవిలో గుర్తొచ్చి చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు.

ఏ క్యాంపు అంటే, ఆరుబయట ఉండేదే నా ఓటు. బడి ఉన్న నెలల్లో ఎక్కువ భాగం ఇక్కడ వాన, మబ్బు, నడి చలికాలంలో నాలుగున్నరకే చీకటి. ఎండ ఉన్న ఈ కొద్ది రోజుల్లో కూడా పిల్లవాడిని ఏసీ గదిలో స్క్రీన్ ముందు కూర్చోబెట్టడానికి ఐదు వందలు కట్టడం నాకు మనసొప్పదు. కోడింగ్ మీద నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలుంటారు, వాళ్ళకు ఒక వారం వేయండి, బాగుంటుంది. పక్కింటి పిల్లవాడు వెళ్తున్నాడని మాత్రం వేయకండి. పది వారాలూ నింపేయడం కూడా వద్దు. ఒకటి రెండు వారాలు ఏ ప్లానూ లేకుండా ఉంచితే పిల్లలు "బోర్" అంటారు, రెండో రోజుకు వాళ్ళే ఏదో ఒకటి కనిపెట్టుకుంటారు.

నీటి మీద: కయాక్, ప్యాడిల్ బోర్డ్, తెరచాప పడవ, రోయింగ్

ఈత వచ్చాక అసలు సరదా ఇక్కడ మొదలవుతుంది. ఒక్క రోజు సరదాకు అయితే కయాక్. గంటకు అద్దెకిస్తారు, ఇద్దరు కూర్చునేవి ఉంటాయి, ఒక పెద్ద, ఒక చిన్న కలిసి వెళ్ళొచ్చు. ఒడ్డుకు దగ్గరగా, ఒడ్డు వెంటే వెళ్తే ఈత అంతగా రాని పెద్దవాళ్ళు కూడా లైఫ్ జాకెట్ వేసుకుని ఆనందించవచ్చు. మోటారు పడవలు లేపే అలలకు పక్కకు తిరగకుండా, పడవ ముక్కును అల వైపు తిప్పడం పిల్లలకు ముందే నేర్పండి. ప్యాడిల్ బోర్డ్ టీనేజర్లకు ఇష్టం, కానీ గాలి దాన్ని లోపలికి తోసేస్తుంది. గాలికి ఎదురుగా మొదలుపెడితే తిరిగి వచ్చేటప్పుడు గాలే తీసుకొస్తుంది.

వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం 19 అడుగుల కంటే చిన్న పడవల్లో పన్నెండేళ్ళు, అంతకంటే తక్కువ వయసు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. పెద్దవాళ్ళకు పడవలో ఉంటే చాలంటుంది చట్టం. నేను మాత్రం పెద్దవాళ్ళూ వేసుకోవాలంటాను. నీళ్ళలో పడ్డాక జాకెట్ తొడుక్కోవడం ఎవరివల్లా కాదు.

ఒక నైపుణ్యంగా నేర్పించాలనుకుంటే తెరచాప పడవ, రోయింగ్ రెండింటి మధ్య ఎంచుకోవాలి. సియాటిల్ మాగ్నుసన్ పార్కులో ఉన్న సెయిల్ శాండ్ పాయింట్, సియాటిల్‌లోనే వేరే చోట ఉన్న మౌంట్ బేకర్ రోయింగ్ అండ్ సెయిలింగ్ సెంటర్ పిల్లలకు వేసవి క్యాంపులు పెడతాయి. తెరచాప పడవ ఎనిమిది, తొమ్మిదేళ్ళ నుంచే బాగుంటుంది. గాలి ఎటు వీస్తోంది, తాడు ఎంత వదలాలి అని ప్రతి నిమిషం తనే నిర్ణయించుకోవాలి. పడవను కావాలని బోర్లా వేయించి, మళ్ళీ నిలబెట్టడం మొదట్లోనే నేర్పిస్తారు. ఒకసారి పడి లేచాక పిల్లల ముఖంలో భయం పోయి గర్వం వస్తుంది. మాట తక్కువ, ఆలోచన ఎక్కువ ఉన్న పిల్లలకు దీన్ని మించింది లేదు.

రోయింగ్ దీనికి పూర్తిగా వేరు. అందరి తెడ్లూ ఒకే లయలో పడాలి, ఒకరు తడబడితే పడవంతా ఊగుతుంది. పన్నెండేళ్ళు దాటినవాళ్ళకు, జట్టుగా ఉండటం ఇష్టమైనవాళ్ళకు ఇది సరిపోతుంది. రెడ్మండ్ మేరీమూర్ పార్కు దగ్గర సమామిష్ రోయింగ్ అసోసియేషన్ ఉంది, మొదటిసారి నేర్చుకునే పిల్లలకు వేసవిలో క్లాసులు పెడుతుంది. హైస్కూల్లో పోటీల దాకా వెళ్తే వారానికి చాలా రోజులు ప్రాక్టీసు ఉంటుందని, ఖర్చు కూడా పెరుగుతుందని ముందే తెలుసుకుని దిగండి.

టీనేజర్లు: పనా, వాలంటీరింగా

పద్నాలుగు దాటిన పిల్లలను క్యాంపులో వేస్తే వాళ్ళకూ విసుగే, మనకూ దండగే. ఈ వయసుకు కావలసింది బాధ్యత, కొంచెం స్వేచ్ఛ. వాషింగ్టన్‌లో పద్నాలుగేళ్ళ నుంచి పని చేయవచ్చు, తల్లిదండ్రుల అనుమతి పత్రం ఉండాలి. 2026లో రాష్ట్ర కనీస వేతనం గంటకు 17.13 డాలర్లు, పద్నాలుగు, పదిహేనేళ్ళవాళ్ళకు అందులో 85 శాతం ఇచ్చినా చట్టం ఒప్పుకుంటుంది. ఈత బాగా వచ్చినవాళ్ళకు లైఫ్‌గార్డ్ పని అన్నిటికంటే గౌరవమైనదని నా అభిప్రాయం. రెడ్ క్రాస్ శిక్షణకు పదిహేనేళ్ళు నిండాలి. ఈదడం, చేతులు వాడకుండా తేలి ఉండటం, నీటి అడుగునుంచి పది పౌండ్ల బరువు తీసుకురావడం లాంటి పరీక్షలుంటాయి. వేసవి ఉద్యోగాలకు ఊళ్ళు చలికాలం చివర్లోనే దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెడతాయి.

ఇక్కడ మన ఇళ్ళలో చాలామందికి ఒక అడ్డంకి ఉంది, దాన్ని దాచి లాభం లేదు. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా మీద, ఉన్న పిల్లలు జీతానికి పని చేయకూడదు. హెచ్-4 వర్క్ పర్మిట్ అర్హత ఉన్న భార్యకో భర్తకో గానీ, పిల్లలకు లేదు. స్నేహితులంతా పనికి వెళ్తుంటే తను వెళ్ళలేకపోవడం ఆ వయసులో బాగా గుచ్చుకుంటుంది. కారణం ఏమిటో, తప్పు తనది కాదని కూర్చోబెట్టి వివరంగా చెప్పండి. జీతం లేకుండా చేసినా, మామూలుగా జీతం ఇచ్చే పని అయితే అదీ చిక్కే కాబట్టి షాపుల్లో, స్నేహితుల కంపెనీల్లో ఉచిత ఇంటర్న్‌షిప్‌లకు పంపేముందు లాయర్‌ను అడగాలి. లైబ్రరీలు, ఫుడ్ బ్యాంకులు, పార్కుల మొక్కలు నాటే కార్యక్రమాలు మామూలుగా వాలంటీర్లతోనే నడిచేవి, వాటిలో నిశ్చింతగా చేరవచ్చు. లైఫ్‌గార్డ్ సర్టిఫికెట్ కూడా తీసుకోవచ్చు. ఇవాళ జీతం రాకపోయినా ఆ విద్య ఎప్పటికైనా ఒక ప్రాణం కాపాడుతుంది.

స్వేచ్ఛ మాట అన్నాను కదా. 2022 సెప్టెంబర్ నుంచి పద్దెనిమిదేళ్ళు, అంతకంటే తక్కువవాళ్ళకు బస్సు, లైట్ రైలు ఉచితం. రెడ్మండ్ డౌన్‌టౌన్ నుంచి బెల్వ్యూకు 2 లైన్ రైలు నడుస్తోంది. ప్రతి చోటికీ మనమే కారులో దింపడం మాని, ఇద్దరు ముగ్గురు స్నేహితులతో రైల్లో పంపండి. వేసవిలో టీనేజర్‌కు మనం ఇవ్వగలిగిన మంచి బహుమతుల్లో అదొకటి, పైసా ఖర్చు లేదు.

అమ్మానాన్నలు వచ్చే వేసవి

తాతయ్య, నానమ్మ ఇంట్లో ఉంటే పిల్లలను వాళ్ళ మీద వదిలి క్యాంపు డబ్బు మిగుల్చుకోవచ్చని చాలామంది అనుకుంటారు. కారు నడపలేని చోట, భాష రాని చోట, పొద్దస్తమానం ఇద్దరు పిల్లల వెంట పడటం ఆ వయసువాళ్ళకు భారం. లైఫ్‌గార్డ్ ఉన్నా సరే, ఈత రాని పెద్దవాళ్ళను ఒంటరిగా పిల్లలతో బీచ్‌కు పంపకండి. పూట క్యాంపు, పూట తాతయ్య అన్న పద్ధతి అందరికీ సుఖం. సాయంత్రాలు కర్క్‌లాండ్ జువానిటా బే పార్కులో చెక్క బాట మీద నడిపించండి. దుంగల మీద ఒకదాని పక్కన ఒకటి ఎండ కాచుకునే తాబేళ్ళను లెక్కపెడుతూ మనవరాలు, నానమ్మ ఎంతసేపైనా ఉంటారు. జూలై, ఆగస్టుల్లో బెల్వ్యూ లార్సన్ లేక్ బ్లూబెర్రీ తోటలో కాయలు మనమే కోసుకోవచ్చు. చేలో పని తెలిసిన పెద్దవాళ్ళ చేతులు అక్కడ పిల్లల కంటే వేగంగా ఆడతాయి.

పొగ వచ్చినప్పుడు, ఆలస్యమైనప్పుడు

ఆగస్టు, సెప్టెంబర్లలో అడవి మంటల పొగ కమ్మే రోజులుంటాయి. ఎయిర్‌నౌ యాప్‌లో ఏక్యూఐ (గాలి ఎంత చెడిందో చెప్పే అంకె) 100 దాటితే ఉబ్బసం ఉన్న పిల్లలను, 150 దాటితే అందరినీ ఇంట్లో ఉంచండి. ఆరుబయట క్యాంపులో చేర్పించే ముందు, పొగ వస్తే లోపల చోటు ఉందా, డబ్బు వెనక్కి ఇస్తారా అని అడగడం మర్చిపోవద్దు. అలాంటి రోజులకు లైబ్రరీని మించింది లేదు. సమ్మర్ రీడింగ్ కార్యక్రమంలో పిల్లలను జూన్‌లోనే చేర్పించండి, అది పూర్తిగా ఉచితం.

జూన్‌లోనే ఈ ఊరు మారి వచ్చినవాళ్ళు, రిజిస్ట్రేషన్లన్నీ అయిపోయాయని కంగారు పడకండి. వెయిట్‌లిస్టులో పేరు ఇవ్వండి, జూలై నాలుగు దాటాక చాలామంది ఇండియా ప్రయాణాల వల్ల సీట్లు వదులుకుంటారు, ఒక్క ఫోన్ కాల్‌తో దొరికే అవకాశం ఉంది. ఆగస్టు చివరి రెండు వారాలకు క్యాంపులు తక్కువ, కాబట్టి సెలవు పెట్టాలనుకుంటే అప్పటికి దాచుకోండి. ఈత క్లాసు దొరకకపోతే ప్రైవేటు స్కూల్లో ఒక్క నెలకైనా చేర్చండి, అదీ కుదరకపోతే అపార్ట్‌మెంట్ పూల్‌కు కోచ్‌ను పిలిపించండి. మిగతావి ఏవి తప్పినా వచ్చే ఏడు చూసుకోవచ్చు, ఈ ఒక్కటి మాత్రం ఈ వేసవిలోనే మొదలుపెట్టండి.